వేసవి శిబిరంలో తెలుగు గంట తప్పనిసరి చేయాలా? (పర్లాకిమిడి)

కిమిడి వదిన:

అందరికీ నమస్కారం. మన పేట కళాకేంద్రం మే నెలలో మళ్ళీ తెరుస్తున్నాం. కొత్తగా వచ్చినవాళ్ళకు సంగతి చెప్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు హాలు రేకులు ఎగిరిపోయాయి. చందాలు పోగయ్యేలోపు కరోనా వచ్చింది. అప్పట్నుంచి అది షామియానా సామాను దాచుకునే గోడౌను అయింది. ఇప్పుడు కప్పు వేశాం, వేదిక పలకలు మార్చాం, కరెంటు వైరింగు సగం అయింది.

మొదటి కార్యక్రమం పిల్లల వేసవి శిబిరం. నెల రోజులు, ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు, ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు. కోలాటం, హరికథ, పద్యాలు, బొమ్మలు వేయడం, ఒకటి రెండు రోజులు మన ఊరి కొమ్ము పని, అంటే పశువుల కొమ్ములతో బొమ్మలు చేయడం, చూపించడం. వీటి మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా మొదటి గంట మీదే.

ఆ గంట తెలుగు చదవడం, రాయడం నేర్పాలని, అది అందరికీ తప్పనిసరి కావాలని కమిటీలో నేనూ మరికొందరూ అంటున్నాం. మన పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడి మాత్రం ఒడియా, లేకపోతే ఇంగ్లీషు. మేనమామ పెళ్ళి శుభలేఖ చేతికిస్తే తిప్పి తిప్పి చూసి ‘అమ్మా, ఏం రాశారు?’ అంటారు. గిడుగు రామమూర్తి గారు పాఠం చెప్పిన ఊరు ఇది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఊరు ఇటు వచ్చాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మనం ఇక్కడే ఉండిపోయాం. ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండ వేసి ఊరుకుంటే సరిపోతుందా?

తప్పనిసరి అంటే పిల్లలే రారని అవతలి వాళ్ళ వాదన. ఆదివారం కమిటీ కూర్చుంటుంది. ఈలోగా మీ మాట చెప్పండి.

నౌపడా పాసింజరు:

వదినా, సెలవుల్లో పిల్లల్ని ఆరింటికి లేపి ఓనమాలు దిద్దిస్తే దాన్ని శిబిరం అనరు, ట్యూషన్ అంటారు. ఏడాదంతా వాళ్ళకి అదే కదా.

అసలు సంగతి వేరే. ఈ నేల మీది ఆటపాటల్లో ఏది పుస్తకం చూసి నేర్చుకున్నారు? శ్రీకాకుళం వైపు తప్పెటగుళ్ళ దళాన్ని చూడండి. గుండె మీద గుండ్రటి తప్పెట కట్టుకుని, చేతుల్తో వాయిస్తూ, గెంతుతూ, తెల్లార్లూ పాడతారు. వాళ్ళలో చాలామందికి సంతకం కూడా రాదు. పాటలో ఒక్క ముక్క తప్పదు. విని పట్టుకునే చెవి ఉంది కాబట్టి. మీరు ముందు పలక ఇచ్చి తర్వాత పాట ఇస్తామంటున్నారు. వరస తిరగబడింది.

ఇంకోటి. హాలు కప్పుకి చందా ఇచ్చినవాళ్ళలో ఒడియా కొట్టువాళ్ళు ఎంతమందో మీకు నాకంటే బాగా తెలుసు. మన పిల్లలు సాయంత్రాలు క్రికెట్ ఆడేది వాళ్ళ పిల్లలతోనే. తెలుగు గంట తప్పనిసరి అని బోర్డు పెడితే ఆ పిల్లాడు గుమ్మంలోనే ఆగిపోతాడు. వాడితోపాటు మనవాడూ ఆగిపోతాడు.

ప్రహ్లాద నాటకం సంగతే తీసుకోండి. జలంతర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద ఉన్న నాటకం. ఆ జలంతర ఇప్పుడు ఆంధ్రాలో ఉంది. నాటకం ఒడియాలో ఉంది. మెట్ల వేదిక కట్టి, హిరణ్యకశిపుడు ఆ మెట్లెక్కి దిగుతూ వీరంగం వేస్తుంటే చూసేది గంజాం జిల్లా మొత్తం. ఎవరిదని పంచుతారు దాన్ని?

పాతపట్నం పంతులు:

నేను సరిహద్దుకి ఇవతల ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మీ వైపు పెళ్ళిళ్ళలో, భజనల్లో పిల్లలు తెలుగు పాట పాడుతుంటే చేతిలో కాగితం చాలాసార్లు చూశాను. పాట తెలుగు, అక్షరాలు ఒడియా. అది తప్పని నేను అనను. తెలివైన పనే. కాని పద్యం దగ్గరకొచ్చేసరికి అది మోసం చేస్తుంది.

ఒడియా లిపిలో ఎ, ఏ లకు వేరువేరు అక్షరాలు లేవు. ఒ, ఓ లకూ లేవు. ‘మెడ’ రాసినా ‘మేడ’ రాసినా ఒకలాగే ఉంటుంది. మాట్లాడే తెలుగులో దీనితో ఇబ్బంది లేదు. పిల్లాడికి మెడ ఏదో మేడ ఏదో ఇంట్లోనే తెలుసు. పద్యంలో అలా కాదు. అందులో సగం మాటలు వాడు ఎప్పుడూ విననివి. ఏది పొట్టి, ఏది పొడుగు అని కాగితం చెప్పదు. లఘువు గురువైతే గణం పోతుంది, గణం పోతే నడక పోతుంది. హార్మోనియం మీద ఎంత రాగం తీసినా పద్యం కుంటుతుంది.

కాబట్టి పద్యమూ హరికథా నేర్పుతామన్నప్పుడు తెలుగు లిపి తప్పదు. పాసింజరు గారి తప్పెటగుళ్ళకి అక్కర్లేదు, ఒప్పుకుంటాను. ఆదిభట్ల నారాయణదాసు గారు పుట్టిన ఉత్తరాంధ్ర పక్కనే ఉండి హరికథ పేరుతో నాలుగు సినిమా పాటలు పాడించి పంపేస్తామంటే మాత్రం ఒప్పుకోను.

భయపెట్టకుండా ఒక మంచి మాట కూడా చెప్పాలి. ఒడియా చదివే పిల్లాడికి తెలుగు నేర్పడం చాలా తేలిక. క ఖ గ ఘ వరస వాడికి ముందే వచ్చు. గుణింతమంటే ఏమిటో, వత్తు అంటే ఏమిటో వచ్చు. కొత్తగా నేర్చుకోవలసింది బొమ్మలే, పద్ధతి కాదు. ఇంగ్లీషు మీడియం పిల్లలకే టైము పడుతుంది. ఇద్దరినీ ఒకే వరసలో కూర్చోబెడితే ఒకడు ఆవలిస్తాడు, ఇంకొకడు ఏడుస్తాడు.

ఇద్దరు పిల్లల తల్లి:

మేష్టారూ, గణాలు తర్వాత చూద్దాం. ఎండ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1998లో ఒడిశాలో వడదెబ్బకి రెండు వేల మందికి పైగా పోయారు. మీరు వేసింది మళ్ళీ రేకులే. మే నెలలో తొమ్మిది దాటితే ఆ రేకుల కింద పెద్దవాళ్ళమే నిలబడలేం, పిల్లలు కోలాటం ఎలా ఆడతారు? ఆట ముందు పెట్టండి, అంటే ఆరున్నరకే. చదువైనా బొమ్మలైనా కూర్చుని చేసేది తర్వాత. ఇప్పుడు మీరు పెట్టిన వరసలో చల్లటి గంట పుస్తకానికి, ఉడికే గంట గెంతడానికి పోతోంది.

ఫీజు ఎంతో రాయలేదు. నీళ్ళ డ్రమ్ముకి మూత ఉంటుందా, ఆడపిల్లలతో ఆడవాళ్ళు ఎవరుంటారు, బాత్రూం తాళం ఎవరి దగ్గర ఉంటుంది? మా ఆయన కూడా అడుగుతున్నారు.

నౌపడా పాసింజరు:

చూశారా వదినా, నేను ఇంత రాసినా చెప్పలేనిది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు. వరస తిరగబడింది!

సూరత్ మగ్గం:

మా ఊరు బరంపురం దగ్గర. గంజాం వాళ్ళు సగం మంది సూరత్‌లోనే ఉంటారని మీకు తెలిసిందే. నేనూ పవర్‌లూమ్‌లో పనిచేస్తాను. పిల్లల్ని సెలవులకి ఊరు పంపిస్తాను, అందుకే చదువుతున్నా.

వదిన గారు ‘వైరింగు సగం అయింది’ అని రాశారు. అక్కడ నా గుండె ఆగింది. 2019 మే 24న ఇక్కడ తక్షశిల అనే బిల్డింగులో మంటలు వచ్చాయి. పై అంతస్తులో కోచింగ్ క్లాసు. దిగే దారి లేక పిల్లలు కిందికి దూకారు. 22 మంది పోయారు. అదీ వేసవి సెలవుల్లోనే. మీది నేల మీది హాలే కావచ్చు, అయినా రెండో తలుపు ఉందా? షామియానా గుడ్డ, పాత కర్టెన్లు ఆ వెనక తలుపుకి అడ్డంగా పెట్టి ఉంటారు, అన్ని ఊళ్ళలో అంతే. అవి తీయించండి. వైరింగు పూర్తి కాకుండా ఒక్క పిల్లాణ్ణి కూడా లోపలికి రానివ్వొద్దు. తెలుగు గంట ఉందో లేదో నాకు అంత పట్టింపు లేదు.

కిమిడి వదిన:

తమ్ముడూ, వెనక తలుపు ఉంది, సామాను అడ్డం ఉన్న మాటా నిజమే. ఈ వారం ఖాళీ చేయిస్తాం. వైరింగు అయ్యాకే తేదీ ప్రకటిస్తాం. అక్కా, ఆట ముందుకి జరపడం నాకు నచ్చింది. కాని అందులో ఒక చిక్కు ఉంది. చదువు చివర పెడితే ఎనిమిదిన్నరకి సగం మంది తల్లులు వచ్చి ‘ఎండెక్కుతోంది’ అని పిల్లల్ని తీసుకుపోతారు. తప్పనిసరి అన్నది కాగితం మీదే మిగులుతుంది.

పాసింజరు గారూ, ఒడియా పిల్లాడు ఆగిపోతాడన్నారు. ఎందుకు ఆగాలి? వాడు కూడా తెలుగు నేర్చుకుంటే తప్పేముంది? మన పిల్లలు ఏడాదంతా వాళ్ళ లిపి నేర్చుకోవట్లేదా? భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు ఏర్పాటు చేయాలని రాజ్యాంగంలో 350ఏ అధికరణం 1956లోనే చేర్చారు. ఆ మాట పట్టుకుని ఎన్ని అర్జీలు పెడతాం? మన చేతిలో ఉన్న ఒక్క హాల్లో ఒక్క గంట పెట్టుకోవడానికి కూడా ఇంత సంజాయిషీ ఇవ్వాలా?

సవర కుర్రోడు:

మీ వాదన ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా అమ్మ నవ్వింది.

గిడుగు గారి పేరు ఎత్తారు కాబట్టి రాస్తున్నా. ఆయన ఈ ఊళ్ళో ఉండి మా భాష నేర్చుకున్నారు, సవర–ఇంగ్లీషు నిఘంటువు చేశారు, మా పిల్లలకి మా మాటలోనే చదువు చెప్పించాలని తంటాలు పడ్డారు. మీరు చెప్పిన ఆ 1936లోనే మంగేయి గొమాంగో గారు మా భాషకి సొరాంగ్ సోంపెంగ్ అని సొంత లిపి తయారు చేశారు. ఈలోగా మా మాటల్ని తెలుగులో రాసినవాళ్ళున్నారు, ఒడియాలో రాసినవాళ్ళున్నారు, మిషనరీలు ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. ఒక ఇంట్లో తాత ఒక లిపి, మనవడు ఇంకో లిపి. అయినా పాట ఆగలేదు. అలాగని లిపి అక్కర్లేదనే మనిషిని కాదు. లిపి కోసం మావాళ్ళు ఎంత పోరాడారో తెలుసు.

నేను అడిగేది ఒకటే. గిడుగు గారి పేరు మీద తప్పనిసరి గంట పెడితే, ఆ గంటలో సవర పిల్లాడు ఏం చేయాలి? శిబిరానికి మా పిల్లల్ని పిలుస్తున్నారా, లేదా? ‘బొమ్మలు వేయడం’ అని రాశారు, అందులో ఇడితల్, అంటే మా సవరల గోడబొమ్మలు, ఉంటాయనే అనుకుంటున్నా. ఈమధ్య ప్రతి రైల్వే గోడ మీదా ఆ పుల్లల మనుషుల్ని వేస్తున్నారు. అది మా ఇళ్ళలో గోడ అందం కోసం వేసేది కాదు. పెద్దలకి, దేవతలకి పూజ పెట్టి, అడిగి వేసేది. కాగితం మీద నేర్పండి, అభ్యంతరం లేదు. ఇప్పుడు మావాళ్ళే గుడ్డ మీద వేసి అమ్ముతున్నారు కూడా. కాని నేర్పడానికి మా ఊరి మనిషిని పిలిచి డబ్బులిచ్చి నేర్పించండి. ఫోన్లో చూసి నేర్చుకున్న డ్రాయింగు సారు వద్దు.

పాతపట్నం పంతులు:

బాబూ, నీ మాటకి నా దగ్గర ఎదురు సమాధానం లేదు. గిడుగు వారి పట్టుదలంతా పిల్లాడి సొంత మాటతో చదువు మొదలు కావాలనే. సవర పిల్లాడికి తెలుగు తప్పనిసరి చేసి ఆయన ఫోటోకి దండ వేయలేం.

వదిన గారికి నా సూచన: గంటని కళకి కట్టండి. హరికథకో పద్యాలకో పేరిచ్చిన పిల్లలకి మాత్రం లిపి తప్పనిసరి. కోలాటం, బొమ్మలు, కొమ్ము పనికి వచ్చేవాళ్ళకి వద్దు. లిపి కూడా విడిగా అ ఆ ఇ ఈ అని కాకుండా వాళ్ళు పాడబోయే పద్యంతోనే మొదలుపెట్టండి. ఒడియా వచ్చిన పిల్లలకి మొదటి వారమే ఆ పద్యం చూసి చదివించవచ్చు.

నౌపడా పాసింజరు:

మేష్టారూ, ఇది దొడ్డిదారిన తప్పనిసరి చేయడం. హరికథకి ఎవడూ పేరివ్వడు, అందరూ కోలాటానికే పరిగెడతారు. అప్పుడు హరికథ దాసు గారు ఖాళీ చాపల ముందు కూర్చోవాలి. రాసిపెట్టుకోండి.

కిమిడి వదిన:

ఎవడూ పేరివ్వకపోతే ముగ్గురితో నడుపుతాం. నా కూతురు ఒకటి, మిగతా ఇద్దర్ని నేనే లాక్కొస్తాను.

ఆదివారం కమిటీ ముందు పెట్టేది ఇది. ఆట ఆరున్నరకి. తెలుగు లిపి పద్యానికీ హరికథకీ వచ్చేవాళ్ళకి తప్పనిసరి, మిగతావాళ్ళకి ఇష్టముంటే. నాకింకా అందరికీ ఉంటేనే బాగుంటుందనిపిస్తోంది, ఆ మాట కూడా అక్కడే అంటాను. ఇడితల్‌కి సవర ఊరి నుంచే మనిషి, ఆయన రానుపోను ఖర్చు, రోజుకూలి మా తలకాయ మీద. ఫీజు ఇంకా తేలలేదు. గురువులకి డబ్బివ్వాలంటే ఉచితం అనలేం, పెడితే మగ్గాల వాళ్ళ పిల్లలు రారు.

ఇద్దరు పిల్లల తల్లి:

ఉన్నవాళ్ళ దగ్గర తీసుకోండి, లేనివాళ్ళని అడక్కండి, లిస్టు మాత్రం గోడకి అంటించకండి. తాళం సంగతి ఇంకా చెప్పలేదు.

కిమిడి వదిన:

తాళం నా కొంగుకే ఉంటుంది అక్కా. రేపు ఫారం పంపిస్తాను.