పదో తరగతి కెమిస్ట్రీ: కాల్షియం క్లోరైడ్‌లో ‘డై’ ఎందుకు రాదు?

గాజువాక అమ్మ:
మా అబ్బాయి పదో తరగతి. ఫార్ములా ఇచ్చి పేరు రాయమంటే చాలు, టెన్షన్ పడిపోతున్నాడు. కార్బన్ డయాక్సైడ్ లాగే కాల్షియం డైక్లోరైడ్ అని రాశాడు, మార్కు పోయింది. “రెండు క్లోరిన్లున్నాయి కదమ్మా” అంటున్నాడు. మీ పిల్లలకు ఎలా చెప్పారు?

ఎంవీపీ కాలనీ ట్యూషన్ మాస్టారు:
అమ్మా, బాబు అడిగింది మంచి ప్రశ్న. పేరు పక్కన పెట్టి ముందు బంధం చూడమనండి. కాల్షియం రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది, క్లోరిన్ ఒక్కటే తీసుకుంటుంది. ఆవేశాలు సరిపోవాలంటే ఒక కాల్షియంకు రెండు క్లోరిన్లు ఉండాల్సిందే, ఇంకో దారి లేదు. అందుకే ‘డై’ (అంటే రెండు) అని చెప్పే పని లేదు. అలోహాలు రెండు కలిస్తే సంగతి వేరు. అవి ఎలక్ట్రాన్లు పంచుకుంటాయి, పలు నిష్పత్తుల్లో కలుస్తాయి. ఒక్క నైట్రోజనే ఆక్సిజన్‌తో కలిసి మోనాక్సైడ్, డయాక్సైడ్, పెంటాక్సైడ్ ఇలా ఎన్నో ఇస్తుంది. అక్కడ లెక్క పేరులోనే చెప్పాలి. నా దగ్గర పిల్లలు మొదట ఫార్ములాలో లోహం ఉందా లేదా అన్నదే గుర్తిస్తారు. పేర్లు ఆ తర్వాతే.

ఉక్కునగరం, రిటైర్డ్:
లోహమైనా దారి ఒక్కటే ఉండదు, ఇనుమే సాక్షి. బైలదిల్లా గనుల నుంచి మన స్టీల్ ప్లాంటుకొచ్చే ఎర్ర ఖనిజం హెమటైట్, అంటే రెండు ఇనుముకు మూడు ఆక్సిజన్లు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కార్బన్ మోనాక్సైడ్ దాని ఆక్సిజన్‌ను మెట్టు మెట్టుగా లాగేస్తుంది. ముందు మూడు ఇనుముకు నాలుగు ఆక్సిజన్లున్న మాగ్నటైట్, తర్వాత ఒకటికొకటి, చివరికి ఇనుము. మూడింటినీ వట్టి ‘ఐరన్ ఆక్సైడ్’ అంటే ఏ మెట్టు గురించి మాట్లాడుతున్నామో ఎవరికీ తెలియదు. ఇలాంటి లోహాల పేరు పక్కన బ్రాకెట్లో రోమన్ అంకె వేసేది అందుకే. ఇక ఆ ‘మోనో’ను మేం చాలా సీరియస్‌గా తీసుకునేవాళ్లం. మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. గ్యాస్ మానిటర్ లేకుండా ఆ ఏరియాలో అడుగు పెట్టనిచ్చేవారు కాదు.

మధురవాడ, ఇంటర్ ఎంపీసీ:
ఆంటీ, రోమన్ అంకె దగ్గర తమ్ముడు ఒకటి చూసుకోవాలి. అది ఇనుము అయాన్ (ఆవేశమున్న పరమాణువు) మీది ఆవేశం, పరమాణువుల సంఖ్య కాదు. హెమటైట్‌లో మూడు ఆక్సిజన్ల మీద మొత్తం ఆరు రుణావేశాలు. రెండు ఇనుములు పంచుకుంటే ఒక్కోదాని మీద మూడు. కాబట్టి ఐరన్ పక్కన రోమన్ మూడు వేసి ఆక్సైడ్ అని రాయాలి. మాగ్నటైట్‌లో రెండు రకాల అయాన్లూ ఉంటాయి కాబట్టి రోమన్ రెండు, మూడు కలిపి రాస్తారు.

భీమిలి టీచర్:
మాస్టారు చెప్పిన పద్ధతి బాగుంది. దానికి అమ్మోనియం ఒక్కటి చేర్చండి. కళాయి పూసేవాళ్లు వాడే నవాసారం అమ్మోనియం క్లోరైడ్. అందులో లోహమే లేదు, అయినా అయానిక సమ్మేళనమే, అంటే అయాన్లతో ఏర్పడిందే. అమ్మోనియం, సల్ఫేట్, నైట్రేట్, కార్బనేట్, ఫాస్ఫేట్, హైడ్రాక్సైడ్. ఈ అయాన్లు ఆవేశంతో సహా నోటికి వస్తే సగం భయం పోతుంది. వీటిని మాత్రం బట్టీ పట్టించడమే మేలని నా నమ్మకం.

శ్రీహరిపురం నాన్న:
మరి మన రైతులు వేసే డీఏపీ? డైఅమ్మోనియం ఫాస్ఫేట్ కదా. అయానికమైతే ‘డై’ ఎలా వచ్చింది?

ఎంవీపీ కాలనీ ట్యూషన్ మాస్టారు:
బాగా అడిగారండి. ఫాస్ఫారిక్ ఆమ్లంలో మూడు హైడ్రోజన్లు. ఒకదాని స్థానంలో అమ్మోనియం చేరితే ఎంఏపీ (మోనోఅమ్మోనియం ఫాస్ఫేట్), రెండింటి స్థానంలో చేరితే డీఏపీ. రెండూ వేరు వేరు ఎరువులు, రెండూ బస్తాల్లో దొరుకుతాయి. తేడా చెప్పాలి కాబట్టి ‘డై’ వచ్చింది. పూర్తి పేరులో ‘హైడ్రోజన్’ కూడా ఉంటుంది, డైఅమ్మోనియం హైడ్రోజన్ ఫాస్ఫేట్.

గాజువాక అమ్మ:
ఇవన్నీ చదివి వినిపించాను, మాగ్నటైట్ దగ్గర మళ్లీ మళ్లీ అడిగాడు. ఇంకొక్కటి. వేలన్సీలు అటూ ఇటూ మార్చి రాసి, వచ్చిన అంకెల్ని ఎప్పుడూ కుదించాలా?

మధురవాడ, ఇంటర్ ఎంపీసీ:
మెగ్నీషియం ఆక్సైడ్ లాంటివాటిలో రెండు, రెండు వస్తే కుదించి ఒకటి, ఒకటి చేయాలి ఆంటీ. పెరాక్సైడ్‌లను మాత్రం కుదించొద్దని చెప్పండి. అందులో రెండు ఆక్సిజన్లు ఒకదానికొకటి బంధంతో ఉంటాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో రెండు, రెండు అలాగే ఉంచాలి. సోడియం పెరాక్సైడ్ కూడా అంతే.