సమస్యాపూరణం: “ఉత్తరమున నరుణుఁ డుదయ మందె”

మహేంద్రతనయ (పర్లాకిమిడి, నిర్వహణ):
కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలు: ఉత్త – రమున – నరుణుఁ – డుదయ – మందె. మొదటి ఉకారానికి ‘ఉదయ’లోని ఉకారంతో యతి. విషయం ధ్రువకాంతులు, అంటే ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో ఆడే రంగు వెలుగులు, నార్తర్న్ లైట్స్. షరతు ఒక్కటే: చూసేవారు ఎక్కడ నిలబడ్డారో పద్యంలోంచి తెలియాలి. అది తేలకుండా ఈ పాదం నిజమో కాదో చెప్పలేం.

మన గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోంచి కనబడినట్టు మాత్రం రాయకండి. బరంపురం 19 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఫాల్గుణ చైత్రాల్లో రాత్రిపూట ఉత్తరపు కొండ ఎర్రబడితే అది పోడు మంటే.

వంశధార (గుణుపురం):

పచ్చ తెరలు నింగి పైనుండి దిగివచ్చె
వేయి దివ్వె లొకట వెలిఁగినట్లు;
చలిని మఱచి జనులు సంబరమ్మునఁ జూడ
నుత్తరమున నరుణుఁ డుదయ మందె.

స్థలం నార్వేలోని ట్రామ్సో అనుకుని రాశాను.

మహేంద్రతనయ:
వంశధార గారూ, గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి, నడక హాయిగా ఉంది. చిక్కు విషయంలోనే. మొదటి పాదంలో పచ్చ అన్నారు, చివర అరుణుడు వచ్చాడు. ఆ ఎరుపు ఎక్కడిదో పద్యం చెప్పడం లేదు. పచ్చకాంతి సుమారు 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ పరమాణువులది. ఎరుపు కూడా ఆక్సిజన్‌దే గాని 200 కిలోమీటర్ల పైన పుడుతుంది. ఆ ఎరుపు వెలగాలంటే పరమాణువు దాదాపు 110 సెకన్లు ఎవరితోనూ ఢీకొనకుండా ఉండాలి. కింద గాలి చిక్కన, అంత వ్యవధి దొరకదు. పచ్చకు ముప్పావు సెకను చాలు.

రెండో సంగతి దిక్కు. ట్రామ్సో 69.6 డిగ్రీల ఉత్తరాన, కాంతివలయం (ధ్రువం చుట్టూ ఈ వెలుగులు కనిపించే వలయం) కిందే ఉంది. అక్కడ వెలుగు నడినెత్తిన ఆడుతుంది. అలజడి పెరిగి వలయం దక్షిణానికి జరిగితే దక్షిణాన కూడా కనిపిస్తుంది. కాబట్టి ట్రామ్సో మీద రాసిన పూరణకు ‘ఉత్తరమున’ అతకదు.

ఋషికుల్య (బరంపురం):
నా పూరణలో మొదటి పాదం దగ్గరే ఆగిపోయాను: “సూర్యుని కణధార భూమిని దాఁకంగ”. గణాలు కుదిరాయి, యతి కుదరడం లేదు.

నాగావళి (రాయగడ):
సూ–భూ యతి చెల్లదమ్మా. పైగా ‘తాకంగ’ అంటే సూర్యుడి గాలి, అదే ఆ కణధార, తిన్నగా వచ్చి భూమికి తగిలినట్టుంది. భూమి అయస్కాంత క్షేత్రం దాన్ని పక్కలకు తోసేస్తుంది. ధారలోని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉన్నప్పుడే శక్తి లోపలికి చేరి, భూమికి రాత్రివైపు తోకలా సాగిన ఆ క్షేత్రంలో నిలవై, ఉన్నట్టుండి విడుదలవుతుంది. అందుకే ఆకాశం గంటసేపు మందకొడిగా ఉండి, ఆపైన పది నిమిషాలు చెలరేగుతుంది. ఇలా మారిస్తే యతి, విషయం రెండూ నిలుస్తాయి: “సూర్యుని కణధార చుట్టి పోవుచునుండ”. సూ–చు యతి సరిపోతుంది.

చూడడానికి వెళ్లేవాళ్లకూ ఇది పనికొచ్చే విషయమే. అయస్కాంత అలజడిని కొలిచే కేపీ సూచిక ఒక్కటి చూసి బయలుదేరకూడదు. అది మూడు గంటల లెక్క. 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఉపగ్రహాలు పంపే బీజడ్ విలువ (ధారలోని క్షేత్రం ఉత్తరానికో దక్షిణానికో చెప్పేది) ఋణాత్మకమై, అంటే దక్షిణానికి తిరిగి, అలాగే నిలబడితే, అరగంట నుంచి గంటలో బయట ఉండాలి. అన్నిటికన్నా ముందు మబ్బు లేని చోటు వెతుక్కోవాలి.

నాగావళి:
నా పూరణ ఇది. స్థలం లడాఖ్‌లోని హాన్లె, సందర్భం 2024 మే 10 రాత్రి వచ్చిన సౌర తుపాను.

హాన్లె కొండ నెక్కి యాకసమ్మునుఁ జూడ
నట్టనడుమ రేయి నలుపు మాఱి
కొన్ని గడియ లచటఁ గుంకుమ పొడి చల్లి
యుత్తరమున నరుణుఁ డుదయ మందె.

మహేంద్రతనయ:
సమస్య పాదం నిజమయ్యే చోటు దొరికింది. ‘కుంకుమ పొడి చల్లి’ చాలా బాగుంది. ఈ ఎరుపు నెమ్మదైనది, తెరలా ఊగదు, పరుచుకుంటుంది. రెండు సవరణలు. ‘నలుపు మాఱి’లో కర్త నలుపు, ‘ఉదయమందె’కు కర్త అరుణుడు. ‘మాఱి’ లాంటి క్త్వార్థకానికీ (ముందు జరిగిన పనిని చెప్పే రూపం) చివరి క్రియకూ కర్త ఒక్కరే కావాలి. ‘నలుపు మాఱఁ / గొన్ని’ అంటే తీరిపోతుంది.

రెండోది ‘చూడ’. హాన్లెలో దాన్ని పట్టినది ఖగోళ వేధశాలలో ఆకాశమంతటినీ తీసే కెమెరా. చీకటికి అలవాటుపడిన కన్ను ఆ ఎరుపు దగ్గరే బాగా బలహీనం. అందువల్ల మొదటి పాదం “హాన్లె కొండమీఁది యాకాశచిత్రాన” అంటే సత్యానికి దగ్గర.

ఋషికుల్య:
మరి హాన్లె నుంచి పచ్చ ఎందుకు కనిపించలేదు? ఆ ప్రశ్న మీదే నా పూరణ:

తొడలు లేనివాఁడు దూరాన నగుపించెఁ
బచ్చకాళ్లు పుడమి పాలు గాఁగ
సగము మేన నెఱ్ఱ చాయ మాత్రము దాల్చి
యుత్తరమున నరుణుఁ డుదయ మందె.

మహేంద్రతనయ:
అమ్మా, ఈ వారానికి ఇదే పూరణ! వినత తొందరపడి గుడ్డు పగలగొట్టడం వల్ల అరుణుడు అనూరుడు, అంటే తొడలు లేనివాడు, అయ్యాడని భారతకథ. ఇక్కడ ఆ కింది సగాన్ని భూమి వంపు దాచింది. లెక్క చూడండి: 100 కిలోమీటర్ల ఎత్తులోని వెలుగు 10 డిగ్రీల దూరం, అంటే 1,100 కిలోమీటర్ల దాకానే దిగంతం పైన ఉంటుంది. 400 కిలోమీటర్ల ఎత్తులోనిది 20 డిగ్రీల దాకా కనిపిస్తుంది. దూరం పెరిగేకొద్దీ ముందు పచ్చ మునుగుతుంది, ఎరుపు మిగులుతుంది. ‘పుడమి పాలు’ అన్న రెండు మాటల్లో అదంతా వచ్చేసింది. చూసేవారి చోటు పద్యంలో పేరు పెట్టి చెప్పలేదు గాని, ‘దూరాన’తో షరతు తీరినట్టే.

వంశధార:
నా పొరపాటు దిద్దుకుంటూ రెండో పూరణ:

కంటి ముందు బూది కానవచ్చినదంతె;
కెమెర తెఱచి యుంచఁ గెంపు లొలికె;
చేతి తెరనుఁ జూచి చెప్పు మిత్రుఁడ! యెట్టు
లుత్తరమున నరుణుఁ డుదయ మందె?

నాగావళి:
ప్రశ్నగా ముగించడం, ‘ఎట్టు లుత్తరమున’ సంధి రెండూ నచ్చాయి. ‘బూది’ సరైన మాట. మందమైన కాంతి కంటికి బూడిదరంగు మబ్బులాగే ఉంటుంది. కెమెరా పెట్టి చూస్తేనే మబ్బో వెలుగో తేలుతుంది. కన్ను చీకటికి అలవడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ తెర చూస్తే మళ్లీ మొదటికే. ఎర్ర టార్చి వాడాలి.

‘తెఱచి యుంచ’ ఎంతసేపు? లెన్స్ రంధ్రం ఎఫ్ 2.8, కాంతిని పట్టే శక్తి ఐఎస్‌ఓ 1600 పెడితే నిశ్చలమైన కాంతికి 8 నుంచి 10 సెకన్లు. తెరలు వేగంగా కదిలితే 2, 3 సెకన్లకు దించాలి, లేకపోతే మడతలన్నీ కలిసి ఒకే మరక అవుతుంది. ట్రైపాడ్ తప్పదు. ఆటోఫోకస్ చీకట్లో పట్టదు. ప్రకాశమైన నక్షత్రాన్ని తెర మీద పెద్దది చేసి, చేత్తో ఫోకస్ చేసి, రింగు కదలకుండా టేపు వేయాలి.

ఋషికుల్య:
చలికి బ్యాటరీ ఆగిపోతుందంటారు కదా?

నాగావళి:
సున్నాకు 20 డిగ్రీలు కిందికి దిగితే తొందరగా పడిపోతుంది. అదనపు బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేచోట ఉంచాలి. ఒంటిని ఆనుకుని ఉన్ని బట్ట వేసుకోవాలి, నూలు వద్దు. చెమట పడితే నూలు తడి పట్టుకుని ఒళ్లు చల్లబరుస్తుంది. లెన్స్ మీద ఊపిరి వదలకూడదు, అక్కడికక్కడే మంచు పొర కడుతుంది. గదిలోకి వచ్చేముందు, బయట ఉండగానే కెమెరాను జిప్ కవర్లో పెట్టి మూసేయాలి. తడి కవరు మీద పడుతుంది, లెన్స్ లోపలికి చేరదు. ఫొటోలున్న కార్డు ముందే తీసుకోండి, కవరు మాత్రం గంటా రెండు గంటల దాకా విప్పకండి.