కూడలిలో బ్రహ్మంగారి రాతి విగ్రహం: పెయింటు ఊడుతోంది, చేతికి నెర్రె. ఏం చేయాలి?

ప్రశ్న
బనగానపల్లె దగ్గర పల్లె మాది. కూడలిలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి రాతి విగ్రహం ఉంది. కూర్చున్న భంగిమ, సుమారు నాలుగడుగులు, పైన కప్పు లేదు. ఏటా ఆరాధనకు ముందు ఎనామిల్ పెయింటు వేస్తూ వచ్చారు. ఇప్పుడది పెచ్చులుగా ఊడుతోంది, ఊడిన చోట రాయి తెల్లగా పిండిలా రాలుతోంది. ఒడిలో నాచు. కుడి మణికట్టు దగ్గర నెర్రె. యాసిడ్‌తో కడిగి, గ్రైండర్ పట్టించి, మళ్లీ రంగేద్దామని కమిటీలో అంటున్నారు. సరైన పద్ధతి చెప్పగలరా?

జవాబు 1
యాసిడ్ మాట ముందు ఆపించండి. అసలది ఏ రాయో తేల్చుకోవాలి. పీఠం వెనక కనపడని చోట కత్తిమొనతో గీయండి. తేలిగ్గా గీత పడి, రాలిన పొడి మీద నిమ్మరసం వేస్తే బుడగలొస్తే సున్నపురాయి. మీ వైపు బేతంచెర్ల నాపరాయి, పల్నాడులో దుర్గి శిల్పులు చెక్కే రాయి ఆ జాతివే. యాసిడ్ దాన్ని కరిగిస్తుంది, ముక్కు, కనురెప్పల గీతలే ముందు పోతాయి. గీత పడకపోతే గ్రానైట్ కావచ్చు. అదీ యాసిడ్‌కు తట్టుకోదు, అందులోని ఇనుము బయటికొచ్చి పసుపు మరకలు పడతాయి.

రాయి పిండిలా రాలడానికి కారణం పెయింటే. పీఠంలోంచి పైకెక్కే తేమ ఎనామిల్ దాటి బయటికి పోలేదు. అందులోని ఉప్పు పెయింటు కిందే గడ్డకట్టి రాతిపొరను ఎగదోస్తుంది. మళ్లీ రంగేస్తే జబ్బు లోపలే పెరుగుతుంది.

పెయింటు తీయడానికి జెల్‌లా ఉండే పెయింట్ రిమూవర్ తెచ్చి, ముందు వీపు వైపు నాలుగంగుళాల చదరంలో ప్రయత్నించండి. రెండు మూడు మిల్లీమీటర్ల మందం పూసి, పాలిథిన్ కప్పి, డబ్బా మీద చెప్పినంత సేపు ఉంచి వెదురు చెక్కతో తీయండి. పొరలు ఎక్కువుంటే మళ్లీ పూయాలి, గీకకూడదు. కాస్టిక్ సోడా, బ్లో లాంప్, ఇనుప బ్రష్ వద్దు. చేతికి రబ్బరు తొడుగులు ఉండాలి, గాలాడేలా ఉండాలి.

నాచుకు బెంజాల్కోనియం క్లోరైడ్ అనే నాచును చంపే మందు వాడండి. 50 శాతం ద్రావణం దొరికితే లీటరు నీళ్లకు 20 మి.లీ. కలిపితే సుమారు ఒక శాతం అవుతుంది. పొడి వాతావరణంలో కొట్టి వారం వదిలేయండి, తర్వాత నైలాన్ బ్రష్‌తో మెల్లగా తోమి కడగండి. బ్లీచింగ్ పౌడర్ వాడితే ఉప్పు ఇంకా పెరుగుతుంది.

తెల్ల పిండికి, అచ్చు లేని కాగితం డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి గుజ్జుచేసి అంగుళం మందం అద్దండి. పూర్తిగా ఎండాక ఊడదీయండి. ఉప్పు దాంట్లోకి వస్తుంది. రెండు మూడుసార్లు పడుతుంది. రాయి బాగా రాలే చోట మాత్రం బ్రష్ కూడా పెట్టకుండా అనుభవమున్న మనిషికి వదలండి.

జవాబు 2
నెర్రె సంగతి. వేలి కణుపుతో చుట్టూ తట్టి చూడండి. గుల్ల మోత వస్తే లోపల విడిపోయినట్టే. చెయ్యి కదలకపోతే సున్నం, అదే రాతిపొడి ఒకటికి మూడు పాళ్లలో కలిపి నింపితే చాలు. కదులుతుంటే పిన్ను కావాలి: 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ. మణికట్టు సన్నగా ఉంటుంది కాబట్టి 6 మి.మీ. కడ్డీ, 8 మి.మీ. రంధ్రం, సుత్తి దెబ్బ లేని డ్రిల్లు. మామూలు ఇనుము పెడితే తుప్పుపట్టి ఉబ్బి, బాగున్న రాయిని కూడా చీలుస్తుంది. పాత విగ్రహాల చేతులు కొన్ని అలాగే పోయాయి. కడ్డీని రంధ్రంలో అతికించడానికి ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి జిగురు) వాడాలి. అది ఎండకు పసుపెక్కుతుంది, అంచుకు సెంటీమీటరు లోపలే ఆపి, పైన సున్నం రాతిపొడి పెట్టాలి. సిమెంటు వద్దు. రాయి కన్నా గట్టిది, ఉప్పు కూడా తెస్తుంది.

ప్రశ్న వేసినవారు
ధన్యవాదాలు. రంగు మానేసి సిలికాన్ వాటర్‌ప్రూఫ్ కోటింగ్ కొట్టొచ్చా? పాలాభిషేకం సంగతేంటి?

జవాబు 1
తేమ కింద నుంచి వస్తున్నంత కాలం ఏ పూతా వద్దు. పీఠం చుట్టూ నేల ఎత్తు తగ్గించి, నీళ్లు బయటికి పోయే వాలు పెట్టండి. సిమెంటు ప్లాస్టరుంటే తీసి సున్నం వేయండి. ఒడిలో నీళ్లు నిలుస్తుంటే పైన చిన్న మండపం కట్టడమే అన్నిటికన్నా మేలు.

జవాబు 3
అభిషేకానికి చిన్న పంచలోహ విగ్రహం పెట్టుకోండి, చాలా గుళ్లలో మూలవిరాట్టుకు బదులు ఉత్సవమూర్తికి చేస్తారు కదా. రంగు కుంకుమ రాతిలోకి దిగితే ఇక వదలదు, బొట్టు స్థానంలో తీసి పెట్టుకునే వెండి తిలకం వాడండి. ప్రాణప్రతిష్ఠ జరిగిన విగ్రహమైతే పని మొదలుపెట్టే ముందు పురోహితుల చేత శక్తిని కలశంలోకి ఆవాహన చేయించాలి. విగ్రహం వందేళ్లు దాటిందని తెలిస్తే 1972 పురావస్తు చట్టం పరిధిలోకి రావచ్చు, అప్పుడు రాష్ట్ర పురావస్తు శాఖకు రాసి, వాళ్ల సలహా వచ్చాకే జెల్ డబ్బా మూత తీయండి. ఇప్పుడే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి ఉంచుకోండి, నెర్రె పక్కన స్కేలు పెట్టి.