పరుగెత్తే గుండెకు పేస్‌మేకర్ ఎందుకు?

ప్రశ్న
నాన్నగారికి 64 ఏళ్లు. ఆరేళ్ల కిందట గుండెపోటు వచ్చింది. ఈ మధ్య ఉన్నట్టుండి గుండె నిమిషానికి 180 సార్లు కొట్టుకుంటోంది. మొన్న పూజగదిలో కూర్చున్నచోటే ఒరిగిపోయారు. గుండె లయను అదుపు చేసే అమియోడరోన్ మందు వాడినా ఆగలేదు, పైగా థైరాయిడ్ దెబ్బతింది. ఛాతీ పైభాగంలో చర్మం కింద ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాకిచ్చి సరిచేసే పరికరం) అమర్చాలంటున్నారు, అది పేస్‌మేకర్‌లాగా కూడా పనిచేస్తుందట. పేస్‌మేకర్ నెమ్మదించిన గుండెకు కదా! అసలే పరుగెత్తే గుండెను ఇంకా తరిమితే ఎలా అని అమ్మకు నిద్ర పట్టడం లేదు. అమర్చుకున్నవారు ఎవరైనా చెప్పండి.

జవాబు
అమ్మా, నాకు అమర్చి ఏడేళ్లయింది. అప్పుడు నా భయమూ ఇదే. మా డాక్టరు కాగితం మీద గుండె బొమ్మ గీసి, పాత గుండెపోటు మిగిల్చిన మచ్చ చుట్టూ పెన్ను తిప్పుతూ చెప్పారు: విద్యుత్తు ఆ మచ్చ చుట్టూ గానుగెద్దులా తిరుగుతోంది, చుట్టుకొకసారి గుండె కొట్టుకుంటోంది. పరికరం అంతకంటే కాస్త వేగంగా వరసగా కొన్ని చిన్న ప్రేరణలు పంపుతుంది. తిరిగొచ్చే అలకు అప్పుడే పనిచేసి ఇంకా తేరుకోని కండరం ఎదురవుతుంది. దారి లేక అది అక్కడే ఆగిపోతుంది.

నాకు ఒకసారి అలా ఆగినప్పుడు పరికరం నమోదు చేసిన గుండె లయ పట్టీని తనిఖీకి వెళ్తే చూపించారు. రంపపు పళ్లలా దగ్గరదగ్గరగా గీతలు, మధ్యలో ఎనిమిది సన్నని నిలువు గీతలు, కాస్త ఖాళీ, తర్వాత మామూలు లయ. ఆ సమయానికి నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఛాతీలో పిట్ట రెక్క కొట్టినట్టు అనిపించింది, అంతే.

ప్రతిసారీ అలా ఆగదు. 1980లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో తొలిసారి మనిషికి అమర్చిన ఐసీడీకి షాకు ఒక్కటే తెలుసు. ఇప్పటివి చాలా సందర్భాల్లో ముందు ఈ చిన్న ప్రేరణలతో (దీన్నే పేసింగ్ అంటారు) ప్రయత్నించి, అప్పటికీ ఆగకపోతేనే షాకు ఇస్తాయి. నాకు ఒకసారి ఇచ్చింది. దాచను, ఛాతీ మీద రోకలితో మోదినట్టుంటుంది. ఒక్క షాకు వచ్చి మనిషి తేలికగా ఉంటే డాక్టరుకు ఫోను చేయండి. వరసగా వచ్చినా, స్పృహ తప్పినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందులు మాత్రం సొంతంగా మానిపించవద్దు.

ఇంకొకరు
మా అమ్మది వేరే కథ. ఆమెకు గుండె పై గదుల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే లయ తప్పిన అలజడి, మందులకు లొంగలేదు. పేస్‌మేకర్ పెట్టి, పై నుంచి కిందికి సంకేతం దిగే ఏవీ నోడ్‌ను కాల్చేశారు. కింది గదులను ఇప్పుడు పేస్‌మేకరే నడుపుతోంది. పైన అలజడి అలాగే ఉంది కనుక రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతూనే ఉన్నాం. మీ నాన్నగారి వైద్యం ఇది కాదు, రెండూ కలిపి చూడకండి.

ప్రశ్న అడిగినవారు
అమ్మకు చదివి వినిపించాను. గానుగ మాట దగ్గర ఆపి మళ్లీ చదవమంది. బుధవారానికి ఒప్పుకున్నాం. నాన్నగారు రోజూ దండెం మీద పంచె తానే ఆరేసుకుంటారు. పరవాలేదా?

జవాబు
ఎడమ చేయి భుజం పైకి ఆరు వారాలు ఎత్తవద్దని నాకు చెప్పారు, పరికరం నుంచి గుండెకు వెళ్లే తీగ కదలకుండా. భుజం బిగుసుకోకుండా కింద మాత్రం ఆడించాలి. పంచె అప్పటిదాకా మీరు ఆరేయండమ్మా.