సూపర్‌హీరో క్రాసోవర్ కామిక్స్ ఎప్పుడూ ఇంత వెర్రిగానే ఉంటాయా?

పాతపుస్తకాల_పిచ్చి:
1996లో డీసీ, మార్వెల్ అనే రెండు అమెరికా కామిక్స్ కంపెనీలు కలిసి వేసిన క్రాసోవర్, డీసీ వర్సెస్ మార్వెల్ నాలుగు ఇష్యూలూ నిన్న ఒక్క ఊపులో చదివేశా. రెండు కంపెనీల హీరోలు ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవాలి, ఓడిన వాళ్ళ లోకం మొత్తం గల్లంతు, ఇదీ కథ. వినడానికి మహా గొప్పగా ఉంది కదా, తీరా చూస్తే పదకొండు ఫైట్లని ఆ నాలుగు ఇష్యూల్లో కుక్కేశారు, ఇలా మొదలైందో లేదో అలా అయిపోతోంది. ఆక్వామ్యాన్, నేమర్ ఇద్దరూ సముద్రానికి రాజులే, ఆ ఇద్దరి మధ్య ఎంత కథ నడపొచ్చు, వీళ్ళేమో నేమర్ మీద ఓ తిమింగలాన్ని పడేసి ఇక పొమ్మన్నారు. వుల్వరిన్-లోబో ఫైటయితే బార్ కౌంటర్ వెనకాల జరుగుతుంది, మనకి కనపడనే కనపడదు! యోగ్యులు తప్ప ఇంకెవరూ ఎత్తలేని థోర్ సుత్తి వండర్ ఉమన్ చేతికొచ్చింది, అబ్బ ఇప్పుడుంటుంది మజా అనుకునే లోపే ఇది న్యాయం కాదని పక్కన పెట్టేసి వెళ్ళి స్టార్మ్ చేతిలో ఓడిపోయింది. మా కజిన్ ఏమో క్రాసోవర్లే అసలు కిక్కు అంటాడు. నిజంగా బాగున్నవి ఏమైనా ఉన్నాయా, లేక రెండు కంపెనీలు కలిసి మన జేబుకి పెట్టే చిల్లేనా ఇదంతా?

కేప్_కట్టిన_కిట్టు:
గురూ, నువ్వు దాన్ని కథ అనుకుని చదివావు, అక్కడే వచ్చింది తంటా. ఆ పదకొండు ఫైట్లలో పెద్దవి ఐదింటి రిజల్ట్ రైటర్ల చేతిలోనే లేదు, రీడర్ల ఓట్లతో తేల్చారు. సూపర్‌మ్యాన్ హల్క్‌ని, బ్యాట్‌మ్యాన్ కెప్టెన్ అమెరికాని, స్పైడర్‌మ్యాన్ సూపర్‌బాయ్‌ని, స్టార్మ్ వండర్ ఉమన్‌ని, వుల్వరిన్ లోబోని కొట్టేశారు. మిగతా ఆరూ కంపెనీలే తేల్చాయి, అవి మూడూ మూడూ సమానంగా పంచుకున్నారు చూడు, ఆస్తి పంపకాల్లో కూడా అంత కరెక్టుగా రాదు. ఇక లోబో సూపర్‌మ్యాన్‌తో సమానంగా తలపడేవాడు, చంపినా చావడు, అలాంటోణ్ణి వుల్వరిన్ ఎలా కొడతాడు? కానీ వుల్వరిన్ ఉండే ఎక్స్‌మెన్ పుస్తకాలు ఎగబడి కొంటున్న రోజులవి, ఓట్లు అటే పడ్డాయి. రాసేవాళ్ళు మాత్రం ఏం చేస్తారు పాపం, కౌంటర్ వెనక్కి తోసి చేతులు దులుపుకున్నారు, నన్నడిగితే ఆ పుస్తకం మొత్తంలో నిజాయితీగా ఉన్న పేజీ అదే.

అయితే అందులోంచే అమాల్గమ్ అనే పుస్తకాల వరస పుట్టింది, అది వదలకు. రెండు లోకాలూ కలిసిపోయి బ్యాట్‌మ్యాన్, వుల్వరిన్ ఒకడే అయి డార్క్ క్లా అవుతాడు, సూపర్‌మ్యాన్, కెప్టెన్ అమెరికా కలిసి సూపర్ సోల్జర్. పాఠకుల ఉత్తరాల పేజీ కూడా దొంగదే పెట్టారు, ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న పుస్తకమన్నట్టు అసలెప్పుడూ రాని పాత ఇష్యూల గురించి చర్చ! ఆ కొంటెతనం కోసమైనా చదవాలి.

గోదారిగట్టు_మావయ్య:
1996ది పక్కన పెట్టి 1976కి వెళ్ళండి, సూపర్‌మ్యాన్ వర్సెస్ అమేజింగ్ స్పైడర్‌మ్యాన్. రెండు కంపెనీల సూపర్‌హీరోలు ఒకే కథలో కలవడం అదే మొదలు, పెద్ద సైజు పుస్తకం, ధర రెండు డాలర్లు. జెర్రీ కాన్వే రాశాడు, రాస్ ఆండ్రూ బొమ్మలు. చదివే ప్రతివాడికీ వచ్చే మొదటి డౌటు, సూపర్‌మ్యాన్ ఒక్కటిచ్చుకుంటే స్పైడర్‌మ్యాన్ మిగులుతాడా అని. అందుకని సూపర్‌మ్యాన్ శత్రువు లెక్స్ లూథర్ చాటుగా స్పైడర్‌మ్యాన్ మీదకి సూపర్‌మ్యాన్ బలాన్ని తగ్గించే రెడ్ సన్ రేడియేషన్ వదుల్తాడు, దాంతో మనవాడి దెబ్బ సూపర్‌మ్యాన్‌కి తగులుతుంది. వెర్రే, కాదనను. కానీ ఆ వెంటనే ఏం చేశారో చూడండి, సూపర్‌మ్యాన్ కోపంలో గుద్దబోయి చంపేస్తానేమోనని ఆఖరి క్షణంలో చెయ్యి ఆపేసుకుంటాడు, ఆ గాలి విసురుకే స్పైడర్‌మ్యాన్ ఎగిరి ఎక్కడో పడతాడు. తర్వాత రేడియేషన్ ప్రభావం పోయాక కూడా స్పైడర్‌మ్యాన్ తెలీక గుద్దుతూనే ఉంటాడు, నొప్పి వాడి చేతులకే. ఇద్దరి తేడా ఏంటో ఒక్క డైలాగు లేకుండా తెలిసిపోయింది.

ఆ పుస్తకంలో నాకు నచ్చే సీను మాత్రం ఫైటు కాదు, పీటర్ (మామూలు జీవితంలో స్పైడర్‌మ్యాన్) బాసు జేమ్సన్, క్లార్క్ (సూపర్‌మ్యాన్) బాసు మోర్గన్ ఎడ్జ్ ఇద్దరూ కూర్చుని మందు కొడుతూ మా వాడు ఇలాంటివాడంటే మా వాడు అలాంటివాడని తమ కుర్రాళ్ళ మీద ఏడుస్తుంటారు. ఆఫీసులో పనిచేసినవాడెవడైనా నవ్వకుండా ఉండలేడు.

అన్నట్టు అపార్థంతో కొట్టుకుని ఆనక కలిసిపోయే ఫార్ములాని చూసి మనవాళ్ళు నవ్వక్కర్లేదు, గయోపాఖ్యానం ఏంటి మరి? గయుడి ఉమ్ము కృష్ణుడి దోసిట్లో పడింది, ఆయన చంపుతానన్నాడు, ఇక్కడ అర్జునుడు ముందూ వెనకా చూసుకోకుండా అభయమిచ్చేశాడు, ఇక బావా బావమరుదులు బాణాలేసుకుంటుంటే ఊళ్ళకి ఊళ్ళు రాత్రంతా కూర్చుని చూశాయి. ఎవరు గెలుస్తారని కాదు కదా, ఇద్దరూ మనవాళ్ళే, మాటా మాటా ఎలా అనుకుంటారో వినాలని.

హన్మకొండ_హల్క్:
మావయ్యా మీరు చెప్పింది మంచిగుంది గని అసలు దోపిడీ ఆడ లేదు, ఒక్క కంపెనీ లోపల నడిచే ఈవెంట్ క్రాసోవర్ల కాడ ఉంది. మెయిన్ కథ ఒక సిరీస్ల, దాని ముక్కలు ఇంకో పది సిరీస్లల్ల, అన్నీ కొనకపోతే ఏం సమజ్ కాదు. దీనికి తొవ్వ చూపిన వాట్ల ఒకటి 1984 సీక్రెట్ వార్స్, 12 ఇష్యూలు, అది పుట్టిందే మ్యాటెల్ బొమ్మలు అమ్ముడుపోవాలని. మార్వెల్ ఎడిటర్ జిమ్ షూటరే రాసిండు.

గని నిజం చెప్పాలె కదా, దాంట్ల నాలుగో ఇష్యూ నాకు పాణం. మాలిక్యూల్ మ్యాన్ అనే విలన్ హీరోల మీద ఒక గుట్టల వరసనే తెచ్చి పడేస్తడు, కవర్ మీద బరువు కూడా రాసిన్రు, 15,000 కోట్ల టన్నులట, ఎవడు తూకం వేసిండో ఏమో. హల్క్ ఒక్కడే దాన్ని మోస్తుంటడు. అప్పుడు హల్క్‌కి బ్యానర్ (హల్క్‌గా మారే సైంటిస్టు) తెలివి ఉన్నది, అంటే పిచ్చి కోపం లేదు, కోపం లేకపోతే బలం దిగిపోతది, అందుకని ఇంకో హీరో రీడ్ రిచర్డ్స్ పక్కన నిలబడి కావాలని వాణ్ణి నోటికొచ్చినట్టు తిడుతుంటడు! తిట్లు తింటూ మోస్తడు. గంత పిచ్చి ఐడియా ఒక్క హీరో పుస్తకంల ఏడ దొరుకుతది. స్పైడర్‌మ్యాన్ నల్ల డ్రెస్ కూడా దీంట్ల నుంచే వచ్చింది, తర్వాత అదే వెనమ్ అనే విలన్ అయింది, అంటే బొమ్మల యాపారం అనుకున్నది పనికొచ్చిందన్నట్టే.

చావుల సంగతి మాత్రం అడగకున్రి. 1985లో డీసీ ఈవెంట్ క్రైసిస్‌ల ఫ్లాష్‌ని (బారీ అలెన్) చంపితే జనం నిజంగనే బాధపడ్డరు, ఇరవై ఏళ్ళు దాటినంక మళ్ళ లేపి తెచ్చిన్రు. ఇప్పుడు ఎవరన్న సచ్చిండంటే ఎన్నో ఇష్యూల వస్తడు అని అడుగుతం.

కేప్_కట్టిన_కిట్టు:
హల్క్ అన్నా సూపర్. సరే, అసలుది ఎవరూ చెప్పలేదేంటి, జేఎల్ఏ/అవెంజర్స్, డీసీ టీము జస్టిస్ లీగ్‌కీ మార్వెల్ టీము అవెంజర్స్‌కీ క్రాసోవర్, 2003లో మొదలై 2004లో అయిపోయింది, నాలుగే ఇష్యూలు, కర్ట్ బ్యూసిక్ రాశాడు, జార్జ్ పెరెజ్ గీశాడు. 80ల్లోనే పెరెజ్ మొదలుపెట్టాడు దీన్ని, కంపెనీలు పడక మూలపడిపోయింది, ఇరవై ఏళ్ళ తర్వాత ఆయనే పూర్తి చేశాడు. మూడో ఇష్యూ కవర్ చూడు, రెండు టీముల్లో ఎప్పుడు మెంబరయినవాణ్ణయినా వదలకుండా గీశాడు.

అందులో గొప్పతనం ఏంటంటే, డీసీ జనం హీరోల్ని నెత్తిన పెట్టుకుంటారు, మార్వెల్ జనం అదే హీరోల మీద రాళ్ళేస్తారు, ఈ తేడానే కథ చేశాడు. ఫ్లాష్ (బారీ పోయాక ఆ పేరు తీసుకున్న వాలీ) మార్వెల్ భూమికొచ్చి మ్యూటెంట్ (పుట్టుకతోనే శక్తులున్నవాడు) అని ఒక కుర్రాణ్ణి జనం కొడుతుంటే అడ్డం వెళ్తాడు, తీరా చూస్తే అక్కడ అతని స్పీడు పనిచెయ్యదు. సూపర్‌మ్యాన్ ఆ లోకం చూసి ఇంతమంది ఉండి ఇదా మీరు చేసిందని కస్సుమంటాడు, అటు కెప్టెన్ అమెరికాకేమో వీళ్ళు హీరోలా, దేవుళ్ళయి కూర్చున్న నియంతలా అని అనుమానం. ఇద్దరి మాటలోనూ పాయింటుంది. బ్యాట్‌మ్యాన్, కెప్టెన్ మాత్రం నాలుగు దెబ్బలు వేసుకుని, ఒకళ్ళనొకళ్ళు అంచనా వేసుకుని, ఇది తేలాలంటే చాలా టైం పడుతుంది, ముందు పని చూద్దాం పద అనుకుంటారు. 1996లో ఓటేసి తేల్చిన ఫైటే ఇది, ఎక్కడికి తీసుకెళ్ళాడో చూడు.

రెండు కంపెనీలకీ సమానంగా పంచే కొలతలు ఇందులోనూ ఉన్నాయిలే. సూపర్‌మ్యాన్ థోర్‌ని పడగొడతాడు, వెంటనే అవెంజర్స్ అందరూ కలిసి సూపర్‌మ్యాన్ మీద పడతారు, లెక్క సరి. క్లైమాక్స్‌లో థోర్ సుత్తీ, కెప్టెన్ షీల్డూ రెండూ సూపర్‌మ్యాన్ చేతిలో ఉన్న బొమ్మ చూసి ఈలేస్తాం, యుద్ధం అయ్యాక మళ్ళీ ఎత్తబోతే సుత్తి కదలదు, మార్వెల్ ఫ్యాన్స్ కూడా హ్యాపీ.

పాతపుస్తకాల_పిచ్చి:
అయితే ఇదే ముందు చదువుతా. ప్రింట్‌లో దొరుకుతుందా?

కేప్_కట్టిన_కిట్టు:
2022లో పెరెజ్ క్యాన్సర్‌తో ఉన్నప్పుడు హీరో ఇనీషియేటివ్ అనే చారిటీ కోసం 7,000 కాపీలే వేశారు, ఆ మేలోనే ఆయన పోయాడు. ఆ కాపీలకి ఇప్పుడు అడిగే రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. మావయ్య చెప్పిన 1976దీ నువ్వు చదివిన 1996దీ 2024లో వేరువేరు లావుపాటి ఆమ్నిబస్‌లలో (పాత ఇష్యూలు కలిపి వేసిన పుస్తకాలు) వచ్చాయి, అవీ చవక కాదు, ఎవరైనా ఫ్రెండ్ కొంటే ఆ ఫ్రెండ్‌తో మంచిగా ఉండు.

గోదారిగట్టు_మావయ్య:
1976ది ఉన్న ఆమ్నిబస్‌లో 1981 బ్యాట్‌మ్యాన్-హల్క్ కూడా ఉంటుంది, వదలొద్దు. మత్తు గ్యాస్ వదిలితే హల్క్ ఊపిరి బిగపట్టి కూర్చుంటాడు, బ్యాట్‌మ్యాన్ వెళ్ళి పొట్టలో ఒక్క తన్ను తంతాడు, పీల్చక చస్తాడా!