వేళచ్చేరి హాల్లో ఉప్పునీటి ట్యాంకు: ఫ్యాన్ చాలా, చిల్లర్ కావాలా?

నెల్లూరి_నత్త (వేళచ్చేరి):

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, చెన్నైలో అద్దెకుంటాం. మంచినీటి ట్యాంకు చాన్నాళ్ళుగా ఉంది, గప్పీలు, టెట్రాలు హాయిగా ఉన్నాయి. ఇప్పుడు మనసు ఉప్పునీటి మీదికి పోయింది. చేపలు వద్దు. క్లీనర్ ష్రింప్, హెర్మిట్ క్రాబ్స్, నత్తలు, నాలుగు కోరల్స్ (పగడాలు), అంతే. హాల్లో రెండడుగుల ట్యాంకుకి జాగా ఉంది. ఏసీ మాత్రం బెడ్‌రూమ్‌లోనే.

కొళత్తూరు చేపల షాపులకు వెళ్ళి అడిగితే, నీళ్ళు చల్లబడడానికి ఒకాయన ఫ్యాన్ చాలమ్మా అన్నాడు, పక్కషాపాయన చిల్లర్ (నీళ్ళను చల్లబరిచే మెషిన్) లేకపోతే ఆశ వదులుకోమన్నాడు. మావారేమో "బీచ్ పక్కనే ఉంటే ఉప్పు ప్యాకెట్ కొనడమేంటి, రెండు క్యాన్లు పట్టుకొస్తా" అంటున్నారు. వంటింటి ఆర్వో నీళ్ళు పనికొస్తాయా? ఒక షాపులో కొమ్మల్లా ఉన్న తెల్లటి రాళ్ళు లైవ్ రాక్ (నీళ్ళను శుభ్రం చేసే బ్యాక్టీరియా పట్టిన రాయి) అని చూపించారు. కొనొచ్చా?

ఉప్పు_తాతయ్య (తిరువాన్మియూరు):

ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు: కొనకమ్మా. ఆ కొమ్మల రాయి కోరల్ అస్థిపంజరం. రాతి పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. బతికున్నదైనా చచ్చినదైనా అదే చట్టం. సీ ఫ్యాన్, సీ కుకుంబర్ కూడా అప్పుడే చేర్చారు. షాపులో బాహాటంగా అమ్ముతున్నారంటే తప్పు కాదని అనుకోవద్దు. సిరామిక్ రాక్ తెచ్చుకో, బ్యాక్టీరియా దాని మీదా బాగానే పడుతుంది. కోరల్స్‌లో మష్రూమ్‌లు, జొవాంథిడ్‌లు రాతి పగడాల జాతి కావు, మొదలుపెట్టేవాళ్ళకు సులువు కూడా. ఎక్కడి నుంచి వచ్చాయో అడిగి, బిల్లు తీసుకో. జొవాంథిడ్‌లను గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు. వాటిలో కొన్నిటికి గట్టి విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని వేణ్ణీళ్ళలో వేస్తే ఆ ఆవిరే మనుషుల్ని ఆసుపత్రిపాలు చేస్తుంది.

మీవారి ఆలోచన వింతేమీ కాదు. మీ నెల్లూరు వైపు రొయ్యల హేచరీలు నడిచేది సముద్రపు నీళ్ళతోనే. కాకపోతే వాళ్ళు వడకట్టి, క్లోరిన్ వేసి, అది పూర్తిగా పోయాకే వాడతారు. మెరీనాలో క్యాను ముంచితే అటు కూవం నది, ఇటు అడయారు నది మోసుకొచ్చినవన్నీ వస్తాయి. రీఫ్ సాల్ట్ (ఇలాంటి ట్యాంకుల కోసం అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమం) కొనడమే మేలు. మీ ట్యాంకు 60 లీటర్లనుకుంటే, లీటరుకు 35 గ్రాముల లెక్కన రెండు కిలోల పైచిలుకు. (చెన్నై దగ్గర నెమ్మేలిలో 2013 నుంచి సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసి మన కుళాయిలకు పంపుతున్నారు, మనం డబ్బులిచ్చి మళ్ళీ కలుపుకుంటున్నాం!) ఉప్పు కొలవడానికి రొయ్యల చెరువుల దగ్గర వాడే రిఫ్రాక్టోమీటరే తెచ్చుకో, మీ నెల్లూరులో ఎవరినడిగినా చూపిస్తారు. అందులో సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర నిలబెట్టు.

ఆర్వో నీళ్ళకు టీడీఎస్ మీటరు (నీళ్ళలో కరిగినవి ఎంతున్నాయో చూపేది) పెట్టి చూడు. మన వంటింటి మెషిన్లలో సున్నా రాదు, రుచి కోసం మినరల్స్ మళ్ళీ కలుపుతారు. ఈమధ్య కాపర్ అని గొప్పగా రాసి అమ్మేవీ వచ్చాయి. మనుషుల సంగతేమో గానీ రొయ్యకూ నత్తకూ రాగి విషం. విడిగా ఆర్వో, దాని వెనకాల డీఐ కార్ట్రిడ్జ్ (మిగిలిన ఖనిజాలను కూడా పట్టేసేది) పెట్టించు.

ఇక అసలు సంగతి వేడి. కోరల్ ఒంట్లో ఉండే సూక్ష్మమైన నాచే దానికి తిండి పెడుతుంది. నీళ్ళు 30 దాటి రోజుల తరబడి ఉంటే కోరల్ ఆ నాచును బయటికి తోసేసి తెల్లబడిపోతుంది. 2016లో మన్నార్ సింధుశాఖలోనూ జరిగింది అదే. మనకు కావలసింది 25, 27 మధ్య. ఫ్యాన్ నీళ్ళను ఆవిరి చేసి రెండు మూడు డిగ్రీలు దించుతుంది, కానీ మన ఉక్కపోతలో అంత కూడా దిగదు. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. కాబట్టి రోజూ తగ్గినంత మేర ఉప్పు కలపని నీళ్ళే పోయాలి.

ట్యాంకు కొనే ముందు ఒక పని చెయ్యి. అదే చోట పెద్ద బకెట్ నిండా నీళ్ళు, అందులో థర్మామీటరు. వారం పాటు మధ్యాహ్నం, తెల్లవారుజామున ఎంతుందో రాసి ఇక్కడ పెట్టు.

జయనగర్_జెల్లీ (బెంగళూరు):

తాతయ్యగారూ, భయపెట్టేస్తున్నారు! నాది ఇరవై లీటర్ల ట్యాంకు, చిల్లర్ లేదు, మష్రూమ్‌లు పిల్లలు కూడా పెట్టాయి. చిన్నది పెడితే ఖర్చు తక్కువ కదండీ.

ఉప్పు_తాతయ్య:

మీ ఊళ్ళో గోడలే చల్లగా ఉంటాయి బాబూ. ఇరవై లీటర్లలో ఒక్క నత్త చచ్చినా అమోనియా పైకి లేస్తుంది, ఒక పూట నీళ్ళు పోయడం మరిచినా ఉప్పు పెరుగుతుంది. చెన్నైలో 60 కంటే కిందికి దిగమని నేను చెప్పను.

నెల్లూరి_నత్త:

వారమైంది తాతయ్యగారూ. హాల్లో మధ్యాహ్నం 32, ఒకరోజు 33. తెల్లవారుజామున 30. బెడ్‌రూమ్‌లో పెడితే రాత్రి 27కి దిగుతోంది, పగలు ఏసీ ఆపేస్తే 31. మరి బెడ్‌రూమే ఖాయం చేసుకోనా? చిల్లర్ ఈ ఏడాది మా వల్ల కాదు.

ఉప్పు_తాతయ్య:

బెడ్‌రూమే. కానీ ఇప్పుడే జీవాలు తేకు. ఈ ఎండల్లో రాయి, ఇసుక, ఉప్పునీళ్ళు పెట్టి సైక్లింగ్ (అమోనియాను విరిచే బ్యాక్టీరియా పెరగడం) కానివ్వు. బ్యాక్టీరియాకు 30 డిగ్రీలు లెక్కలోది కాదు. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. మధ్యలో అంతా గోధుమరంగు పట్టేస్తుంది, టెన్షన్ పడి కడిగేయకు. అక్టోబరు వానలు మొదలయ్యాక నత్తలు, తర్వాత ష్రింప్, ఆఖర్న మష్రూమ్‌లు. వచ్చే మార్చిలోగా చిల్లర్ డబ్బు జమచేసుకో. చేతికి రాకపోతే కోరల్స్ ఎవరికైనా ఇచ్చేయడానికి సిద్ధంగా ఉండాలి.

కరెంటు పోతే పనికొచ్చేలా బ్యాటరీ ఎయిర్ పంపు ఇప్పుడే కొని పెట్టుకో. 2023 డిసెంబరు తుపానుకి మీ వేళచ్చేరి ఎలా ఉందో నీకు నేను చెప్పాలా.

బెడ్‌రూమ్ అన్నావు కాబట్టి అడుగుతున్నా, రాత్రుళ్ళు దోమల మెషిన్ పెడతారా?

నెల్లూరి_నత్త:

పెట్టకుండా ఎలా అండీ, చెన్నైలో!

ఉప్పు_తాతయ్య:

అది తీసెయ్యాలి. దోమను చంపే మందు రొయ్యనూ చంపుతుంది. ఎయిర్ పంపు గదిలో గాలినే లాగి నీళ్ళలోకి కొడుతుంది, తలుపులేసిన ఏసీ గదిలో మరీ ప్రమాదం. కిటికీలకు మెష్ కొట్టించి, మంచానికి దోమతెర కట్టుకోండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మెష్ తీసుకెళ్ళొచ్చా అని ఓనర్‌ని ముందే అడుగు.

నెల్లూరి_నత్త:

దోమతెర అనగానే మావారు క్యాన్ల మాట మరిచిపోయి, ట్యాంకు హాల్లోనే పెడదామంటున్నారు. ఈ ఆదివారం మెష్ కొలతలు తీయిస్తున్నా.