యూరప్ మార్కెట్ కోసం జార్జియా రూల్స్ మార్చుకుంది సరే, చిన్న రైతుకు ఏం మిగులుతోంది?

టిబిలిసి_విద్యార్థి: ఇక్కడ జార్జియా రాజధాని టిబిలిసిలో ఎంబీబీఎస్ మూడో ఏడాది చదువుతున్నాను. మా ఇంటి ఓనర్ ఆంటీ వాళ్లకి పడమటి వైపు సమెగ్రెలో అనే ప్రాంతంలో హేజల్‌నట్ (బాదంలాంటి గింజ) తోట ఉంది. ఆగస్టులో నేనూ వెళ్లాను. వాకిట్లో టార్పాలిన్ మీద కాయలు ఆరబోశారు, చినుకు పడగానే ఇంటిల్లిపాదీ పరుగెత్తి మూటలు కట్టారు. తడి ఉంటే బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం వస్తుందట, యూరప్‌కి పంపే వ్యాపారి శాంపిల్ టెస్ట్ చేయించాకే రేటు చెప్తాడట. జార్జియాతో 2014 ఒప్పందంతో యూరోపియన్ యూనియన్ (ఈయూ) సుంకాలు తీసేసిందంటారు. మార్కెట్ ఆశ చూపించి పక్క దేశంతో తన రూల్స్ పెట్టించుకోవడం న్యాయమేనా?

లెక్కల_మాస్టారు: 2006 సంగతి ఆంటీని అడగండి. ఆ ఏడాది రష్యా నాణ్యత లేదంటూ జార్జియా వైన్‌నీ బోర్జోమి మినరల్ వాటర్‌నీ ఆపేసింది, 2013 దాకా రానివ్వలేదు, అసలు గొడవ రాజకీయాలదని అందరికీ తెలుసు. ఈయూ లెక్క కాగితం మీద ఉంటుంది: తినడానికి సిద్ధమైన హేజల్‌నట్‌లో అఫ్లటాక్సిన్లు మొత్తం కిలోకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు, ఎవరి సరుకైనా అంతే. నాకైతే ఇదే నయం. అయితే సుంకం పోగానే దారి తెరుచుకోదు. తేనె చూడండి, మందుల అవశేషాలు తనిఖీ చేసే పద్ధతి పెట్టుకుని 2016 చివర్లో ఈయూ అనుమతించిన దేశాల లిస్టులోకి ఎక్కేదాకా యూరప్‌లో ఒక్క సీసా అమ్మడానికి లేదు.

చెరువు_గట్టు: మాది భీమవరం దగ్గర, రొయ్యల సాగు. మనం ఈయూకి పొరుగూ కాదు, జార్జియాకిచ్చిన రాయితీలూ మనకి లేవు, అయినా 2016లో మన కంటైనర్ల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. యూరప్‌కి పోవాలంటే పట్టుబడికి ముందే శాంపిల్ ల్యాబ్‌కివ్వాలి, నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ లాంటి నిషేధించిన యాంటీబయాటిక్ మందులు లేవని కాగితం రావాలి, అది వచ్చేదాకా టెన్షన్‌తో నిద్ర పట్టదు. ఒకసారి షాపువాడిచ్చిన మందు డబ్బా మీద అందులో ఏముందో రాయలేదు, నమ్మి వాడాను, టెస్ట్ పోయింది, వచ్చిన రేటుకి లోకల్‌లో ఇచ్చేశాను. రూల్ తప్పని ఇప్పటికీ అనను, అవే రొయ్యలు మా పిల్లలూ తింటారు. కానీ ఆ డబ్బాని ముందే పట్టుకునే మనిషి మా మండలంలో లేడు, ఖర్చంతా చెరువు మీదే పడింది. అక్కడ ఆరబెట్టే మిషన్ ఉందా? అది లేకుండా రూల్ ఒక్కటే వస్తే ఆంటీ వాళ్లు నష్టపోతారు.

టిబిలిసి_విద్యార్థి: అడిగాను అన్నా. పక్క ఊరి సహకార సంఘంలో ఉందట, కిలో లెక్కన తీసుకుంటారట. ఎండ కాస్తే ఎవరూ పోరట, వాన పట్టుకుంటే అందరూ ఒకేసారి మూటలతో వస్తారట. ఈసారి వీళ్ల వంతు మూడో రోజుకి వచ్చింది.